తిట్టరాని బరువు

చంద్రసాల పర్వతం మీద సూర్యోదయం చూసి తీరవలసిన దృశ్యం. మంచుతెరలు ఒక్కొక్కటే తొలగుతుంటే శిఖరాలు పగడపు కాంతులు చిమ్ముతూ పైకి లేస్తాయి. కొండచరియలకు వేలాడే తేనెపట్లు బంగారు కడవల్లా మెరుస్తాయి. అడవిమల్లెలను తాకి వచ్చే గాలికి బాటసారి తన అలసట మరిచిపోతాడు. ఒకప్పుడు ఈ శోభకు తోడు శీతవాహిని కూడా ఉండేది. ముత్యాల దండ తెగినట్టు కొండ గొంతులోంచి దూకి, మయూరదుర్గ రాజ్యంలో ఊరూరికీ నీళ్ళిచ్చేది. ఇప్పుడు లోయలో చుక్క నీరు లేదు. నది పుట్టే ఇరుకు కనుమలో, కూజా మూతిలో గుడ్డ కుక్కినట్టు, గండశిలుడనే రాక్షసుడు అడ్డంగా పడి నిద్రపోతున్నాడు.

వాడి గడ్డంలో నాచు పట్టింది. మీసాల్లో చింతమొక్కలు మొలిచాయి. ఎడమ చెవిలో గోరువంకలు గూడు కట్టుకున్నాయి. వాడు గురక పెట్టినప్పుడల్లా చుట్టుపక్కల చెట్ల ఆకులు ముందుకు వాలి, ఊపిరి లోపలికి తీసినప్పుడు మళ్ళీ వెనక్కి వాలుతున్నాయి.

వాణ్ణి అక్కడ పడుకోబెట్టినవాడు మాంత్రికుడు జంబుకనేత్రుడు. సింహాసనం తనకిస్తే నదిని వదులుతాననీ, లేకపోతే రాజ్యమంతా ఇసుక నాకి చావవలసిందేననీ వాడు రాజుకు కబురు పంపాడు. కొండగుహలో తపస్సు చేసుకునే ఒక ముని మాత్రం ఉపాయం చెప్పాడు. తూర్పున కొండ దిగితే సముద్రపు ఒడ్డున ఉప్పుమళ్ళున్నాయి. గండశిలుడి ఒంటికి ఆ ఉప్పు తగిలితే శిల అయిపోతాడు. కనుమలోనే శిలైతే నది ఎప్పటికీ మూసుకుపోతుంది గనక, నిద్రలో ఉండగానే వాణ్ణి అక్కడికి మోసుకుపోవాలి. నిప్పు పెట్టినా, నగారా కొట్టినా వాడు లేవడు. మనిషి సాటి మనిషిని చులకన చేసే మాట చెవిన పడిందా, ఆ క్షణమే లేస్తాడు. ఆ మాట అన్నవాణ్ణి మింగి మళ్ళీ పడుకుంటాడు.

ఈ పనికి మొదట బయలుదేరినవాడు సేనాధిపతి ఉద్దండరాయుడు. ఆయన మహారాణికి తమ్ముడు. అక్క రాణి కావడమే ఆయన గెలిచిన ఏకైక యుద్ధం. వెంట ఏనుగుల్ని తెచ్చాడు, పట్టుగొడుగు తెచ్చాడు, 'ఐకమత్యమే మహాబలం' అని బంగారు అక్షరాలతో కుట్టించిన జెండా తెచ్చాడు. సైనికుల్ని ఎండలో నిలబెట్టి, తాను అంబారీలో గొడుగు కింద కూర్చుని, ఒకరినొకరు ప్రేమించడం ఎంత గొప్పదో మధ్యాహ్నం దాకా ఉపన్యసించాడు. దాహానికి సొమ్మసిల్లిన ఒక మావటి కూలబడితే, "లేవరా దున్నపోతా! ఉత్సాహం చచ్చిందా?" అని కేకేశాడు.

గండశిలుడు కళ్ళు తెరిచి, "ఎవడన్నాడు?" అని అడిగాడు.

ఉద్దండరాయుడు ఏమాత్రం తడుముకోకుండా పక్కనున్న దండోరావాడి వైపు వేలు చూపించాడు. పాపం, దండోరావాడు నోరు తెరిచే లోపల మాయమయ్యాడు. ఏనుగులు చెల్లాచెదరైపోయాయి. సేనాధిపతి రాజధాని చేరి, "ప్రభూ, నా వ్యూహంలో లోపం లేదు. మనవాళ్ళలోనే ఐకమత్యం లేదు" అని విన్నవించుకున్నాడు.

అప్పుడు రాజు చెరసాల తలుపు తీయించి దళపతి రేచనను రప్పించాడు.

రేచన ఎంతటి కనుమలోనైనా దండు నడిపించగల మొనగాడు. అయితే జనం అతణ్ణి ముళ్ళనాలుక రేచన అని పిలిచేవాళ్ళు. "ఈ సేనాధిపతి ఎక్కితే గుర్రానికే తలవంపులు" అని నిండు కొలువులో అన్నందుకే అతడు చెరసాల పాలయ్యాడు. అలాంటివాడు తిట్టకుండా మనుషుల్ని నడిపిస్తాడా అని మంత్రి పకపకా నవ్వాడు.

"మంత్రివర్యా, తిట్టడం నాకు ప్రాణం. కానీ ఉన్న ప్రాణం అంతకన్నా ప్రాణం" అన్నాడు రేచన.

ఆ రేచన ఇప్పుడు కనుమ ముందు నిలబడి ఉన్నాడు. టేకు దుంగలతో, వెదురుబొంగులతో కట్టిన బ్రహ్మాండమైన పల్లకి రాక్షసుడి వీపు కిందికి అంగుళం అంగుళం జరిపి, మోకులతో బిగించారు. మోయడానికి రెండు జట్లు వచ్చాయి. ఒకటి పోలన్న పెద్దగా ఉన్న బోయీల జట్టు. తరతరాలుగా అంతఃపుర పల్లకీలు మోసినవాళ్ళు. రెండోది గజమల్లు నాయకుడుగా ఉన్న జెట్టీల జట్టు. గోదాలో ఒళ్ళు పెంచిన మల్లయోధులు. దారి చూపడానికి ఉప్పుమళ్ళ నుంచి నూకసాని అనే ఆవిడ వచ్చింది. ఎండకు కమిలిన ముఖం, నడుముకు బిగించిన కొంగు, చేతిలో పొడవాటి వెదురుకర్ర.

రెండు జట్లూ ఎదురుబొదురుగా నిలబడి అప్పుడే కళ్ళెర్రజేసుకుంటున్నాయి.

"రాణీగారి పిరుదులు మోసే భుజాలకి రాక్షసుడు ఆనతాడా?" అన్నాడొక జెట్టి.

గురక ఆగిపోయింది.

చెట్ల ఆకులు కదలడం మానేశాయి. గండశిలుడి కుడి కనురెప్ప కింద గుడ్డు అటూ ఇటూ దొర్లింది. గోరువంకలు గూడు వదిలి ఎగిరిపోయాయి. అన్నవాడు గబుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అదృష్టవశాత్తూ వాడు సగం గొణిగాడు కాబట్టి మాట పూర్తిగా రాక్షసుడి చెవికెక్కలేదు. కాసేపటికి గురక మళ్ళీ మొదలైంది.

రేచన కోపంతో పళ్ళు నూరుకున్నాడు. నోటి దాకా వచ్చిన తిట్టును బలవంతాన మింగాడు. అది వేపకాయలా గొంతు దిగింది. మంచిమాట చెప్పాలి. ఏం చెప్పాలో తెలియక, కొలువులో భట్రాజులు చెప్పే ధోరణిలో, "గజమల్లూ! నీవంటి మహావీరుడు భూమండలంలో లేడు. పోలన్నా! నువ్వు సాక్షాత్తూ ఆదిశేషుడివి" అన్నాడు.

గజమల్లు ముఖం ముడుచుకున్నాడు. "ఎగతాళా దొరా?"

రాక్షసుడి కనురెప్ప మళ్ళీ అదిరింది. నూకసాని గబగబా వచ్చి రేచన చెవిలో, "అయ్యా, ఆ పొగడ్త తిట్టుకన్నా అధ్వానంగా ఉంది. వాడికీ అట్టాగే వినబడ్డట్టుంది. నిజం చెప్పు, లేకపోతే నోరు మూసుకో" అంది.

రేచన నోరు మూసుకున్నాడు. రెండు జట్లనూ కాసేపు చూశాడు. తర్వాత మామూలు గొంతుతో చెప్పాడు. "చూడండి. ఎత్తడం జెట్టీలకు తెలుసు. ఎత్తింది మోసుకుంటూ నడవడం బోయీలకు తెలుసు. నాకు రెండూ తెలియవు. నాకు తెలిసిందల్లా తిట్టడం. అది ఇవాళ పనికిరాదు. కాబట్టి మీ ఇద్దరూ కలిస్తే తప్ప నాకు గతిలేదు."

ఎవరో కిసుక్కున నవ్వారు. పోలన్న గడ్డం గోక్కుని, "నిజమే చెప్పాడ్రోయ్" అన్నాడు.

"ఇద్దరు జెట్టీల మధ్య ఒక బోయీ నిలబడాలి. లేపేటప్పుడు గజమల్లు మాట. అడుగేసేటప్పుడు పోలన్న మాట. నా మాట ఎవరూ వినక్కర్లేదు."

దళపతి నోటి నుంచి ఇలాంటి ఆజ్ఞ ఎవరూ ఎన్నడూ విని ఉండరు. రెండు జట్లూ ఒకరి మధ్య ఒకరు సర్దుకున్నారు. గజమల్లు తొడ చరవబోయి, ఎదుటివాళ్ళను సవాలు చేసినట్టవుతుందని చెయ్యి ఆపుకుని, "హుమ్!" అని కడుపులోంచి ఒక్క ఊపు ఇచ్చాడు. భుజాల మీది దండెలు కిర్రుమన్నాయి. మోకులు బిగుసుకున్నాయి. కొండంత గండశిలుడు నేల వదిలి పైకి లేచాడు.

లేవడమే ఆలస్యం, వాడి వెనక ఇన్నాళ్ళూ బిగబట్టుకుని ఉన్న శీతవాహిని ఒక్కసారిగా కనుమలోంచి విరుచుకుపడింది!

"ఎక్కండి! గట్టెక్కండి!" అంది నూకసాని. ఒడ్డున ఏటవాలుగా ఒక చరియదారి ఉంది. అక్కడికి చేరాలి. నీళ్ళు పాదాల్ని, చూస్తుండగానే మోకాళ్ళను అందుకున్నాయి. బండలు దొర్లుకుంటూ వస్తున్నాయి. ఒక చెట్టుమొద్దు వెనకవరస వాళ్ళ కాళ్ళకు కొట్టుకుంది. నలుగురు తూలారు. పల్లకి ఒరిగింది. గండశిలుడి చెయ్యి జారి నీళ్ళలో వేలాడింది. ఇలాంటప్పుడు మనిషి నోట ఏ మాట వస్తుందో అందరికీ తెలుసు. ఆ మాట నలభైమందికి పైగా గొంతుల్లో పుట్టింది, గొంతుల్లోనే చచ్చింది.

"ఓహోం... ఓహోం..." అని పోలన్న తాళం ఎత్తుకున్నాడు. బోయీలు అందుకున్నారు. తాళం తెలియని జెట్టీలు రెండడుగులు తప్పి, మూడో అడుగుకు దొరకబుచ్చుకున్నారు. నీరు తొడల దాకా వచ్చింది. ఓహోం. నడుము దాకా వచ్చింది. ఓహోం. ముందువరస చరియ మీద కాలు మోపింది. వెనకవరసను నది లాగుతోంది. గజమల్లు వెనక్కి తిరిగి, జారిపోతున్న ఒక ముసలి బోయీని నడుము పట్టుకుని దండెతో సహా పైకి ఎత్తాడు. ఆఖరివాడి కాలు నీళ్ళలోంచి బయటపడిన మరుక్షణం, వాళ్ళు నిలబడ్డ చోటును నది తుడిచిపెట్టుకుపోయింది.

కింద లోయలో ఊళ్ళ వైపు పరుగులు తీస్తున్న నీటి హోరు వినిపించింది. ఒక్కరూ జయజయధ్వానాలు చెయ్యలేదు. ఊపిరి దాచుకున్నారు.

అక్కడి నుంచి దారి కొండ అంచునే పాములా చుట్టుకుంటూ దిగుతుంది. ఒక పక్క కొండగోడ, రెండో పక్క అగాధం. పల్లకి కింద ఉన్నవాళ్ళకు ముందేముందో కనబడదు. నూకసాని ముందు నడుస్తూ, కర్రతో నేల తడుతూ, రాగం తీసి చెబుతోంది. "ఎడమన వేరుందయ్యా... ఓపిగ్గా దాటాలయ్యా... కుడిన గుండు జారుద్ది... మెల్లిగా, మెల్లిగా..." వెనకవాళ్ళు ఆ రాగాన్ని బట్టి కాళ్ళు వేస్తున్నారు.

ఎండ ముదిరింది. కొంతదూరం పోయాక ఏదో తేడా మొదలైంది. ఒకడి మడమను వెనకవాడు తొక్కాడు. ఇంకొకడి నడుములో ముల్లు గుచ్చుకుంది. మరొకడు హఠాత్తుగా పక్కవాడి వైపు గుర్రుగా చూశాడు.

"ఏంటా చూపు?" అన్నాడు పక్కవాడు.

"మా బోయీలు కూలిగాళ్ళని నువ్వన్నావంట గదా?"

"నేనా? నువ్వే మమ్మల్ని తిండిపోతులన్నావని..." అని ఆ జెట్టి అనబోయి నాలుక కరుచుకున్నాడు. తాళం తప్పింది. పల్లకి ఊగింది. గండశిలుడి కన్ను సన్నగా, గడ్డిపోచ మందాన తెరుచుకుంది. ఆ సందులోంచి పచ్చని వెలుగు బయటికొచ్చింది.

ఎవరో ఒకరి చెవిలో ఒకరి మీద విషం నూరిపోస్తున్నారు. ఎవరు? అరిచి అడిగే వీలు లేదు. కొరడా ఝళిపించే వీలు అంతకన్నా లేదు. రేచన పల్లకి పక్కనే నడుస్తూ ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళాడు. అబద్ధపు పొగడ్త వద్దని పొద్దున్నే పాఠం నేర్చుకున్నాడు గనక, ఒక్కొక్కడూ నిజంగా ఏం చేస్తున్నాడో కళ్ళప్పగించి చూశాడు. చూసిందే చెప్పాడు.

"నీ తలగుడ్డ తీసి పక్కవాడి భుజానికి ఒత్తు పెట్టావు. నేను చూశాను."

"బొటనవేలు చితికినా అడుగు తప్పలేదు నువ్వు. ఈ మలుపు నీవల్లే దాటాం."

"గజమల్లూ, నీ వంతుకన్నా ఎక్కువ బరువు నీ వైపు లాక్కుంటున్నావు. ఆ పొట్టివాడికి తెలియకుండా. తెలిసిందిలే."

 గజమల్లు మెడ నరాలు ఇంకాస్త పొంగాయి. పక్కనున్న పొట్టి బోయీ తలెత్తి అతణ్ణి చూసి, తన భుజం ఇంకొంచెం పైకెత్తాడు. ఒకరి గురించి చెప్పిన మాట వింటున్నకొద్దీ పక్కవాడు సర్దుకున్నాడు. తాళం మళ్ళీ కుదిరింది. రాక్షసుడి కన్ను మెల్లగా మూతపడింది.

అలా వస్తూ వస్తూ రేచన కుడివరసలో ఒకడి దగ్గర ఆగిపోయాడు. సన్నటి మనిషి. నుదుట చందనపు బొట్టు చెక్కు చెదరలేదు. ఏం చెబుదామా అని రేచన పైనుంచి కింది దాకా చూశాడు. చెప్పడానికి ఏమీ దొరకలేదు. ఒంటి మీద చెమట లేదు. భుజాన ఒరిపిడి గుర్తు లేదు. ఇంకా వంగి చూస్తే, దండెకూ వాడి భుజానికీ మధ్య వేలెడు ఖాళీ ఉంది.

"పోలన్నా, ఈయన మీ మనిషేనా?" అని అడిగాడు రేచన, తేనె పూసినట్టు.

"మావాడు కాదు దొరా. జెట్టీల తాలూకు అనుకున్నాం."

"మేం బోయీ అనుకున్నాం" అన్నాడు గజమల్లు.

పొద్దున్నుంచీ ఒకళ్ళ మొహం ఒకళ్ళు సరిగ్గా చూసుకోని రెండు జట్ల మధ్య ఆ మనిషి హాయిగా చొరబడ్డాడు. రేచన చేతులు జోడించాడు. "అయ్యా, తమరి గురించి ఒక్క మంచిమాట చెబుదామని ఎంతో వెతికాను. తమరు మోయని బరువుకు నేనేం చెప్పను? మా మధ్య తగువు కావలసింది తమరొక్కరికే. దయచేసి తప్పుకోండి, జంబుకనేత్రులవారూ."

సన్నటి మనిషి పెదవులు చెవుల దాకా సాగాయి. కళ్ళు నక్క కళ్ళలా పసుపుపచ్చగా మెరిశాయి. "ఒక్క తిట్టు తిట్టు రేచనా! నీ నాలుక దురద నాకు తెలియదా?" అని బుసకొట్టి, తాను మాత్రం పల్లెత్తు మాట అనకుండా, మొలలోంచి కత్తి దూసి దండె కట్టిన మోకును సర్రున కోశాడు. మరుక్షణం నక్కరూపం ధరించి కొండగోడ వెంట పైకి దూకి మాయమయ్యాడు.

దండె జారింది. పల్లకి అగాధం వైపు ఒరిగింది. రేచన ఆలోచించలేదు. కిందికి దూరి ఆ ఖాళీలో తన భుజం పెట్టాడు. బరువు దిగింది. మోకాళ్ళు కటకటమన్నాయి. కళ్ళ ముందు నిప్పురవ్వలు ఎగిరాయి. గుర్రం మీద కూర్చుని దండు నడిపించడం వేరు, దండె కింద నిలబడడం వేరని అతడికి ఒళ్ళంతా తెలిసింది.

"బిగబట్టకు దొరా. మాతోపాటు ఊపిరి వదులు. కుడికాలు ముందు" అన్నాడు వెనకనుంచి పోలన్న. ఇద్దరు జెట్టీలు చెరో చేత్తో మోకును ముడివేశారు. పది అడుగులు నడిచాక పోలన్నే మళ్ళీ, "మొదటిసారి మోసేవాడివిగా, పరవాలేదు" అన్నాడు.

రేచన చెవులు ఎర్రబడ్డాయి. ఎన్నో కోటలు పట్టినవాడు, ఎన్నో కంకణాలు తొడిగించుకున్నవాడు, ఆ 'పరవాలేదు'తో ఇంకో క్రోసు నడిచాడు.

పొద్దు వాలుతుండగా చరియ చివర ఉప్పుమళ్ళు కనిపించాయి. వెండిరేకులు పరిచినట్టు తెల్లగా, చదరాలు చదరాలుగా, వాటి అవతల నీలాల సముద్రం. గట్ల మీద పోగుచేసిన ఉప్పురాశులు చిన్న చిన్న దేవాలయాల్లా నిలబడి ఉన్నాయి. ఇంక ఒక్క పల్లం దిగితే చాలు.

అప్పుడే డప్పులు, సన్నాయిలు వినబడ్డాయి.

దిగువన దారికి అడ్డంగా ఉద్దండరాయుడు వేంచేశాడు! పట్టుగొడుగు, పూలదండలు, వెనక సైనికులు, వాళ్ళ నెత్తిన 'ఐకమత్యమే మహాబలం' జెండా. నది వచ్చిందని విన్న వెంటనే విజయం తనదని ప్రకటించుకోవడానికి పల్లకి ఎక్కి వచ్చాడు. ఆయన పక్కన నామాలు దిద్దుకున్న ఒక కొత్త జ్యోతిష్కుడున్నాడు. వాడి కళ్ళు పసుపుపచ్చగా ఉన్నాయి.

"ప్రభూ" అన్నాడు జ్యోతిష్కుడు ఆయన చెవిలో, "తమరు ఎదురుగా నిలబడ్డా ఒక్కడూ వంగి దండం పెట్టలేదు, గమనించారా?"

ఉద్దండరాయుడు మీసం దువ్వాడు. నూకసాని రెండు చేతులూ ఊపుతూ ముందుకు ఉరికింది. "బాబ్బాబు, మీకు దణ్ణం పెడతాను, ఇప్పుడేం అనమాకండి!"

"దండె దించి సాష్టాంగపడండి, కుక్కల్లారా!" అని సేనాధిపతి గర్జించాడు.

గురక ఆగింది. ఈసారి మళ్ళీ మొదలవలేదు.

గండశిలుడు పల్లకి మీద లేచి కూర్చున్నాడు. దండెలు విల్లుల్లా వంగాయి. జ్యోతిష్కుడు ఎప్పుడు జారుకున్నాడో ఎవరూ చూడలేదు. దండె వదిలి పరిగెత్తితే బతికేవాళ్ళు బతుకుతారు, కానీ ముందువరస వాళ్ళు ఆ బరువు కింద నలిగిపోతారు. అందుకే ఒక్కరూ వదల్లేదు. పోలన్న గొంతు వణికింది గానీ తాళం ఆగలేదు. ఓహోం... ఓహోం...

"ఎవడన్నాడు?" కొండలు మారుమోగాయి.

"వాడే! ముళ్ళనాలుక రేచన! వాడు తిట్టనిదెప్పుడు? రాజ్యమంతా సాక్ష్యం!" అని ఉద్దండరాయుడు వేలు చూపించాడు.

రాక్షసుడు వంగి, గుహలాంటి ముఖాన్ని రేచన ముఖానికి ఆనించాడు. రేచన రెండు చేతులూ దండె మీదే ఉన్నాయి. తన పేరుకు తాను సాక్ష్యం చెప్పుకోవడానికి అతడి దగ్గర ఏమీ లేదు.

"ఆయన కాదు" అన్నాడు గజమల్లు. "పొద్దున్నుంచీ మాతోనే ఉన్నాడు. ఒక్క మాట తూలలేదు."

"కాదు" అన్నాడు పొట్టి బోయీ.

"కాదు, కాదు" అన్నాయి దండె కింద గొంతులన్నీ. "నమ్మడం మాకే కష్టంగా ఉంది గానీ, కాదు" అన్నాడు పోలన్న.

గండశిలుడు ఉద్దండరాయుడి వైపు తిరిగాడు. "పోయినసారీ నువ్వే వేలు చూపించావు. వాడు చప్పగా ఉన్నాడు. తిట్టినవాడు కారంగా ఉంటాడు. నాకు రుచి తెలియదనుకున్నావా?"

"పట్టుకోండి! వీణ్ణి చుట్టుముట్టండి! ఎక్కడ చచ్చార్రా వెధవల్లారా!" అని సేనాధిపతి తన సైనికుల మీద విరుచుకుపడ్డాడు. సైనికులు ఆ జెండాను జాగ్రత్తగా మడిచి నేలమీద పెట్టి, ఎంతో ఐకమత్యంగా పక్కకు తప్పుకున్నారు.

ఉద్దండరాయుడు పరుగందుకున్నాడు. పరాక్రమవంతుడు గనక పల్లం వైపే పరిగెత్తాడు. గండశిలుడు పల్లకి మీదనుంచి దూకాడు. మోసేవాళ్ళంతా ఒకరి మీద ఒకరు కూలబడ్డారు. ముందు సేనాధిపతి, వెనక రాక్షసుడు, ఇద్దరూ గట్లు దాటి ఉప్పుమళ్ళలో పడ్డారు. మొదటి అడుగుకు రాక్షసుడి మడమ తెల్లబడింది. రెండో అడుగుకు మోకాలు రాయైంది. "ఉప్పా?" అని ఆశ్చర్యపోతూ బోర్లా పడి, పడుతూనే చెయ్యి చాచి ఉద్దండరాయుణ్ణి పిడికిట పట్టాడు. నోటికి అందేలోగా మోచెయ్యి శిల అయింది. తర్వాత పిడికిలి. చివరికి తెరిచిన నోరు.

పిడికిలి మధ్యలో సేనాధిపతి చంకల దాకా ఇరుక్కుని, తలా చేతులూ బయటికి పెట్టి అరుస్తున్నాడు.

కొండంత ఒళ్ళు పడిన అదురుకు సముద్రం వైపు గట్టు తెగింది. పోటు మొదలయ్యే వేళ. నీళ్ళు నురుగులు కక్కుతూ మళ్ళలోకి రాసాగాయి.

"ఏం చూస్తున్నారు, చవటల్లారా? వచ్చి విడిపించండి!" అని పిడికిట్లోంచి కేకలు.

ఇంక నిద్ర లేచేవాడు లేడు. రేచన గట్టెక్కి నిలబడి, పొద్దుటినుంచీ మింగినవన్నీ ఒక్కొక్కటే వరసపెట్టి సేనాధిపతికి సమర్పించాడు. గండశిలుడి మీసాల గురించి మొదలుపెట్టి ఉద్దండరాయుడి వంశవృక్షం దాకా వెళ్ళాడు. జెట్టీలు ఉప్పురాశుల మీద వాలి, ఆనందంగా విన్నారు. ముగిశాక నూకసాని, "ఇప్పుడు ఒంట్లో బాగుందా?" అని అడిగింది.

"బాగుంది" అని కూర్చున్నాడు రేచన. నీరు సేనాధిపతి రొమ్ము దాకా వచ్చింది. కేకలు తగ్గాయి. తర్వాత, "ఎవరైనా... అయ్యా..." అని సన్నగా వినిపించింది.

రేచన ఎవరికీ ఏ ఆజ్ఞా ఇవ్వలేదు. ఇవ్వాలనీ అనుకోలేదు. లేచినవాడు పోలన్న. కూలిన పల్లకిలోంచి ఊడిన దండెను ఒక చివర పట్టుకున్నాడు.

"వాడి కోసమా?" అన్నాడు రేచన నమ్మలేక.

"వాడి కోసం కాదు దొరా. ఆ పిడికిలిని మనిషితో సహా విరగ్గొట్టి, రాజధాని దాకా మోసి, కొలువు నడిబొడ్డున దించాలని మాకు సరదాగా ఉంది. రాణీగారు తమ్ముణ్ణి కళ్ళారా చూసుకోవద్దూ?"

"మణికట్టు దగ్గర విరుద్ది. ఆ పని నాకొదిలెయ్" అని గజమల్లు పెద్ద బండరాయి ఎత్తుకుని నీళ్ళలోకి నడిచాడు. అతడి వెనక జెట్టీలు, వాళ్ళ మధ్య బోయీలు. రేచన అందరికన్నా చివర దిగాడు. కుడివరసలో తన చోటు ఖాళీగా ఉంది. వెళ్ళి నిలబడ్డాడు.

రాయి మూడు దెబ్బలకు మణికట్టు పగిలింది. దండెలు పిడికిలి కిందికి దూరాయి. "హుమ్!" అని గజమల్లు ఊపు ఇచ్చాడు. ఉద్దండరాయుడు రాతివేళ్ళ నడుమ, నిమజ్జనానికి వెళ్ళే విగ్రహంలా నీళ్ళలోంచి పైకి లేచాడు.

అదే క్షణాన సముద్రం మీద ఎర్రటి సంధ్యలో నల్లని తెరచాపలు కనబడ్డాయి. ఒకటి కాదు, జంబుకనేత్రుడి విలుకాళ్ళతో నిండిన పడవల వరుస. ముందుపడవ కొమ్మున పసుపుపచ్చని కళ్ళ మాంత్రికుడు నిలబడి చెయ్యెత్తాడు. గాలిలో రివ్వుమని చప్పుడు. మొదటి బాణం రాతిపిడికిలికి తగిలి రవ్వలు రాల్చింది.

"కాపాడండి! త్వరగా, త్వరగా!" అని సేనాధిపతి పెనుగులాడాడు.

"ప్రభూ, కదలమాకండి. మీరు ఊగితే తాళం తప్పుద్ది" అన్నాడు పొట్టి బోయీ మర్యాదగా.

రెండో బాణం రేచన చెవి పక్కనుంచి పోయింది. అతడు ఏదో చెప్పాలని నోరు తెరిచాడు. అప్పటికే నడుము లోతు నీళ్ళలో ముందు నిలబడి, కర్రతో లోతు చూస్తూ, నూకసాని రాగం అందుకుంది. "ఎడమన గుంటుందయ్యా... కుడిన తెగిన గట్టయ్యా... చూసుకుని, చూసుకుని..."

బాణాలు వానలా మొదలయ్యాయి. దండె ఒక్కరూ దించలేదు. అందరి ఎడమకాళ్ళూ ఒక్కసారే లేచాయి.